ఇరవై మూడో తప్పు

జగన్మోహనరావు గారి పుస్తకం మా ఇంటికి వచ్చింది డెబ్భై తొమ్మిది డిసెంబరులో. కోతలైపోయి, దాళ్వా పంటకి నారుమళ్ళు సిద్ధం చేస్తున్న రోజులు. నేను స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చేసరికి నాన్నగారు వీధి అరుగు మీద కూర్చుని ఒక్కరే నవ్వుకుంటున్నారు. మా నాన్నగారు శరభయ్య గారు నవ్వగా చూసినవాళ్ళు రాజోలులో ఎక్కువమంది లేరు.

"ఇలా రావే అమ్మడూ! సూర్యుడికి అందరికంటె దగ్గరగా తిరిగేది ఎవరో తెలుసా నీకు? బుద్ధుడుట!"

వంగి చూశాను. నిజమే. బుధుడికి ఒక వత్తు అదనంగా తగిలి బుద్ధుడైపోయాడు. ఆ పక్క పేజీలో చంద్రుడు మనకి ఇరవై నాలుగు వేల మైళ్ళ దూరంలోకి వచ్చేశాడు. ఒక సున్నా ఎగిరిపోయింది. సూర్యగ్రహణం బొమ్మ కింద చంద్రగ్రహణమనీ, చంద్రగ్రహణం బొమ్మ కింద సూర్యగ్రహణమనీ వేశారు. వెలుగు సెకనుకి మూడు లక్షల మైళ్ళు పరిగెడుతోంది. అవి కిలోమీటర్లని నా తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చెబుతారు.

"పాపం, తొందరగా వేసుంటారు లెండి" అన్నాను నేను. ఆ పుస్తకం రాసినాయన మీద నాకు గౌరవం ఎక్కువ. అమలాపురం కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. మా బాలికల స్కూలు కమిటీకి ఆయనే అధ్యక్షుడు. లీవు వేకెన్సీలో నన్ను తీసుకుని, రెండేళ్ళుగా ఏ సెలవులకీ ఊడిపోకుండా కాపాడుతూ వచ్చినదీ ఆయనే. ఫిబ్రవరిలో పెద్ద సూర్యగ్రహణం ఉందని, దాని గురించి తెలుగులో నాలుగు ముక్కలు తెలియజెప్పాలని ఆ పుస్తకం రాశారు. నాన్నగారికి ఒక ప్రతి నేనే తెచ్చి ఇచ్చాను. పొంగిపోతారనుకున్నాను.

నాన్నగారిది పంచాంగ గణితం. వేదం చదువుకున్న ఇంట్లో పుట్టి లెక్కల్లో పడ్డ మనిషి. రాజమండ్రిలో అచ్చయ్యే ఒక పంచాంగానికి గ్రహణాలన్నీ ఆయనే కట్టి పంపేవారు, పేరు వేరేవాళ్ళది. కలకత్తా నుంచి పోస్టులో వచ్చే సర్కారు వారి గ్రహగణితం పుస్తకాన్ని రామాయణంతో పాటు పీట మీద పెట్టుకునేవారు. గుణకారాలు మాత్రం నన్ను సరిచూడమనేవారు. నాకు పదేళ్ళప్పటి నుంచీ అది నా పని.

వారం రోజులు ఆ పుస్తకం ఆయన చేతిలోంచి దిగలేదు. చివరికి ఠావు కాగితం మీద పేజీ నంబరు, పంక్తి నంబరు వేసి, తప్పు ఒక పక్కా ఒప్పు ఒక పక్కా గుండ్రటి అక్షరాలతో రాశారు. ఇరవై మూడు. చివరిది రాయడానికే మూడు రోజులు పట్టింది. అది చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు.

"మన కోనసీమలో సంపూర్ణ గ్రహణం పడుతుందని రాసేరు. పడదే. పత్రికలో మన జిల్లాకి పడుతుందని వేసేరు. జిల్లా అంటే మన్యం కూడా జిల్లాయే కదా, ఆ కొండల అంచుకి తగులుతుందేమో నీడ. పటంలో జిల్లా అంతా ఒక వేలెడు. దాని మీద గీత పడేసరికి మనకీ పడుతుందనుకున్నారు. నేను మూడు సార్లు కట్టేను, నువ్వూ చూడు. బింబం పన్నెండు అంగుళాలనుకుంటే పదకొండు పైచిలుకే మూస్తుంది మనకి. సన్నటి అంచు మిగిలిపోతుంది."

"అంత కొంచెమే కదండీ తేడా?"

"ఆ కిందేం రాసేరో చదువు."

చదివాను. సంపూర్ణ గ్రహణం పట్టిన రెండు నిమిషాలూ సూర్యుణ్ణి వట్టి కంటితో చూడవచ్చును, అప్పుడు నల్లని బింబం చుట్టూ వెండి కిరీటం వంటి కాంతి కనబడుతుంది, జన్మలో ఒక్కసారి చూడవలసిన దృశ్యం, అని ఉంది.

"ఆ మాట తప్పు కాదు" అన్నారు నాన్నగారు. "పూర్తిగా మూసుకున్నచోట చూడొచ్చు. కానీ మన ఊళ్ళో పూర్తిగా మూసుకోదు. ఆ అంచు చాలు కన్ను కాల్చడానికి. మిగతావి నవ్వుకుని ఊరుకోవచ్చు. ఇది ఊరుకునేది కాదు. నువ్వే వెళ్ళి ఆయన చేతికివ్వు."

మర్నాడు ఆదివారం. బస్సెక్కి అమలాపురం వెళ్ళాను. జగన్మోహనరావు గారు ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, కాగితం అందుకున్నారు. బుద్ధుడి దగ్గర పడీ పడీ నవ్వారు.

"మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పమ్మా. నా ప్రూఫులు ఆయనకే పంపవలసింది. ఈ ప్రెస్సువాడు నన్ను గంగలో ముంచేసేడు."

ఇరవై మూడో దాని దగ్గర నవ్వు ఆగింది. ఆ పుట రెండు సార్లు చూశారు. బీరువాలోంచి పత్రికలో వచ్చిన పటం తీసి, దాని మీద వేలు పెట్టి, వేలు కాస్త కిందికి జరిపి, మళ్ళీ మడిచి లోపల పెట్టేశారు. ఆయనకి తెలిసిపోయింది. అది నేను చూశాను.

"ఈ ఇరవై రెండూ చిన్న కాయితం మీద అచ్చు కొట్టించి, ప్రతి పుస్తకంలోనూ అతికిద్దాం. ఆ ఆఖరిది వదిలెయ్యమ్మా."

"వదిలేస్తే ఎలాగండీ? కళ్ళ సంగతి కదండీ?"

"చూడు భ్రమరాంబా. ఆ రోజు ఈ తాలూకా అంతా తలుపులేసుకుని, నీళ్ళలో దర్భలు వేసుకుని కూర్చుంటుంది. నలభయ్యేళ్ళుగా ఈ జనంతో చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. సంపూర్ణం అంటే పదిమంది బయటికొస్తారు. అరా కొరా అంటే ఎవడొస్తాడు? ఒక్కసారి బయటికొచ్చి చూసి, తమకేం కాలేదని తెలుసుకుంటే చాలు." కాగితం మడిచి పుస్తకంలో పెట్టారు. "ఇంకోటి. పంచాంగం చూసి సైన్సు పుస్తకం దిద్దుకున్నాడని రేపు నలుగురూ నన్నంటే, ఆ మాట నాతో పోదు."

నేను లేచాను.

ఆయన గుమ్మం దాకా సాగనంపుతూ అన్నారు. "మార్చిలో కమిటీ కూర్చుంటోందమ్మా. పర్మనెంటు పోస్టు ఒకటే ఉంది. నీ పేరే మొదట రాసేను."

బెదిరించినట్టు అనలేదు. పిల్లకి మిఠాయి పొట్లం చేతిలో పెడుతున్నట్టు అన్నారు. నేను బస్సులో అదే నెమరు వేసుకుంటూ వచ్చాను.

తప్పొప్పుల పట్టికలు జనవరి మధ్యలో వచ్చాయి. మైదా ఉడికించి మా స్టాఫ్ రూములో నా చేత్తోనే అతికించాను, రెండు వందల పుస్తకాలకి. ఒకటి నాన్నగారు తెమ్మన్నారు. తేకుండా నాలుగు రోజులు నెట్టాను. ఐదో రోజు ఆయనే అడిగి పుచ్చుకుని, కళ్ళజోడు సర్దుకుని, వేలితో కిందికంటా లెక్కపెట్టారు.

"ఇరవై రెండే ఉన్నాయేమే?"

"కాగితంలో చోటు చాల్లేదుటండీ. అది మీటింగులో నోటితో చెబుతారట."

నాన్నగారు నా ముఖంలోకి చూడలేదు. చూసి ఉంటే అక్కడే తేలిపోయేది. "నోటితో చెబితే మంచిదే, చదవనివాళ్ళకీ తెలుస్తుంది" అన్నారు.

ఆ మీటింగు ఫిబ్రవరి మొదటి వారంలో మా స్కూలు హాల్లో జరిగింది. హాలు నిండింది. జగన్మోహనరావు గారు బాగా మాట్లాడతారు. రాహువూ లేదు కేతువూ లేదు, చందమామ అడ్డొస్తుందంతే అని నిమ్మకాయా కొబ్బరికాయా పెట్టి చూపించారు. చివరికి ఎవరికైనా సందేహాలుంటే అడగమన్నారు. వెనక వరసలో ఎలీసమ్మ లేచింది.

ఎలీసమ్మా నేనూ బోర్డు స్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. లెక్కల్లో నాకంటె ముందుండేది. ఎనిమిదో తరగతితో మాన్పించేశారు. కొబ్బరి చెట్లెక్కి దింపు తీసే దానం అనే అతనికిచ్చి పెళ్ళి చేశారు. ఇంటి దగ్గర లేసు అల్లేది. ఆమె అల్లిన లేసు నరసాపురం వెళ్ళి, అక్కణ్ణించి ఏ దేశాలకో వెళ్ళేది. అంత సన్నటి పువ్వు చుట్టుపక్కల ఇంకెవరి చేతా పడదని ఏజెంటు చెప్పుకునేవాడు. ప్రతి శనివారం నా దగ్గరకొచ్చి ఒక పుస్తకం పట్టుకెళ్ళేది. ఈ పుస్తకం అప్పటికి రెండు సార్లు చదివేసింది.

"పూర్తిగా మూసుకున్నప్పుడు చూస్తే కళ్ళకేం అవదాండీ?" అని అడిగింది.

జగన్మోహనరావు గారు నవ్వి నా వైపు తిరిగారు. "మా టీచరమ్మ చెబుతుంది. నువ్వు చెప్పమ్మా."

హాలంతా నన్నే చూస్తోంది. నాన్నగారు ఆ రోజు రాలేదు, ఒంట్లో నలతగా ఉండి.

"పూర్తిగా మూసుకున్నప్పుడు ఏం కాదు" అన్నాను.

"ఆయ్" అని ఎలీసమ్మ కూర్చుంది. ఆమె ముఖం వెలిగిపోయింది.

నేను అబద్ధం చెప్పలేదు. ఆ మాట అక్షరాలా నిజం. ఇంటికెళ్ళేదాకా ఆ సంగతే నాకు నేను చెప్పుకున్నాను. మబ్బు పట్టొచ్చు, దానం వెళ్ళనివ్వకపోవచ్చు, ఈలోగా శనివారం వస్తుంది కదా, పుస్తకానికొచ్చినప్పుడు చాటుగా చెబుదాం, అని కూడా అనుకున్నాను. తరవాతి శనివారం ఆమె రాలేదు. ఏదో పెద్ద ఆర్డరు, చేతినిండా పని. ఆ తరవాతి శనివారమే గ్రహణం.

ఆ రోజు మబ్బు లేదు. కడిగిన పళ్ళెంలా ఉంది ఆకాశం. మా మేనత్త అచ్చయమ్మ పొద్దున్నే వండి వార్చి, పచ్చడి జాడీల మీద కూడా దర్భలు వేసేసింది. నాన్నగారు స్నానం చేసి జపానికి కూర్చున్నారు. నేను వెళుతుంటే కళ్ళు తెరిచి, "పిల్లల్ని సూర్యుడికి వీపు పెట్టి నిలబెట్టు. అట్టకి చిల్లు పెట్టి కాయితం మీద చూపించు. సూర్యుణ్ణి చూడక్కర్లేదు, బొమ్మ చూస్తే చాలు" అన్నారు.

అలాగే చేశాను. నూట పదిమంది ఆడపిల్లల్ని గ్రౌండులో వీపులు పెట్టించి నిలబెట్టి, ఎవరైనా తల తిప్పితే బెత్తంతో కొడతానన్నాను. అంతకు ముందెప్పుడూ నేను బెత్తం పట్టుకున్న మనిషిని కాను.

రెండున్నరకి మొదలైంది. కాగితం మీది వెలుగు చుక్క ఒక పక్క కొరికినట్టయింది. మూడున్నర అయ్యేసరికి ఎండ రంగు మారింది. చల్లబడింది. మామిడిచెట్టు కింద నేల మీద వందల నెలవంకలు కదులుతున్నాయి. కాకులు అరుచుకుంటూ గూళ్ళకి మళ్ళాయి. నెలవంక సన్నబడి, దారమై, అక్కడ నిలిచింది. పోలేదు. పోకుండానే మెల్లిగా అటువైపు తిరిగింది.

"చీకటెప్పుడు పడుతుందండీ?" అని ఒక పిల్ల అడిగింది.

"పడదు" అన్నాను. ఆ మాట నేను నోటితో అనడం అదే మొదటిసారి.

ఎలీసమ్మ ఇల్లు కాలవకి అవతల, రెండు ఫర్లాంగులు కూడా ఉండదు. పిల్లల్ని వదిలి ఎలా వెళతానులే అనుకున్నాను. మా ప్యూను వెంకన్న గంటసేపటి నుంచీ గేటు దగ్గర ఊరికే కూర్చుని ఉన్నాడు. పంపలేదు.

సోమవారం పొద్దున్న బడి గంటకి ముందే దానం ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. నొప్పేం లేదంది. ఎదర ఒక మచ్చ ఉందంది, గోధుమరంగు మచ్చ, ఎక్కడ చూస్తే అక్కడికే వస్తోందంది.

"మీ మొహం చూద్దామంటే మీ మొహం మీదే ఉందండి. సూది చూద్దామంటే సూది మీదే ఉంది. పక్కనున్నయ్యన్నీ కనపడతన్నాయి."

"ఎంతసేపు చూశావు?" అన్నాను.

"ఆ కిరీటం వస్తదన్నారు కదండీ పుస్తకంలో. ఇప్పుడొస్తది, ఇంకాసేపటికొస్తదని చూస్తానే ఉన్నానండి. కాస్త అంచు మిగిలిపోయింది, అది కూడా మూసుకుంటదేమోనని రెప్ప కూడా వాల్చలేదండి. మళ్ళీ మన జన్మలో రాదంట కదండీ."

కాకినాడ తీసుకెళ్ళాం. ఎదుర్లంక రేవులో పంటు మీద గోదావరి దాటుతున్నప్పుడు దానం ఆమెకి గట్టు చూపించి, "అదిగో యానాం, కనపడతందా?" అని అడుగుతూనే ఉన్నాడు. కళ్ళ డాక్టరు చాలాసేపు లైటు వేసి చూశాడు. చూపు నిలిచే చోటే కాలిందన్నాడు. నడవగలదు, వండుకోగలదు, సన్నపని చెయ్యలేదు, చదవలేదు. మందు లేదు. కొందరికి కొన్నాళ్ళకి కాస్త తగ్గుతుందన్నాడు. ఎలీసమ్మకి తగ్గలేదు.

ఊళ్ళో రెండు మాటలు నడిచాయి. గ్రహణం వేళ బయటికి పోతే అంతే మరి, పెద్దలు ఊరికే చెప్పారా, అన్నది ఒకటి. ఆ మాట అనడానికి మా ఇంటికే వచ్చి నాన్నగారిని మెచ్చుకున్నవాళ్ళున్నారు. ఆయన వాళ్ళ మీద కసురుకుని లోపలికి పోయేవారు. రెండోది జగన్మోహనరావు గారిది. నేను అమలాపురం వెళ్ళి చెప్పినప్పుడు ఆయనకి బాధ లేదని నేననను. కళ్ళు తుడుచుకున్నారు కూడా. తుడుచుకుని, "ఆవిడ ఆ రెండు నిమిషాలూ దాటి చూసుంటుందమ్మా. చదువు తక్కువైతే ఇలాగే ఉంటుంది" అన్నారు.

"ఆ రెండు నిమిషాలు మనకి లేవు కదండీ" అన్నాను.

"రెండో ముద్రణలో సవరిద్దాం" అన్నారు.

ఎలీసమ్మకి ఆయన మనిషిని పంపించారు, పుస్తకంలో అచ్చుతప్పు పడిందట, ఎవరూ చూసుకోలేదట అని. నేను ఆమెని చూడ్డానికి వెళితే ఆమే నన్ను ఓదార్చింది. "ప్రెస్సోళ్ళు తప్పేస్తే మీరేం చేస్తారండీ" అంది. ఆ మాట దిద్దడానికి నాకు ఆ రోజు అవకాశం ఉంది, మర్నాడూ ఉంది, నెలంతా ఉంది. లేసు ఏజెంటు వచ్చి దారం ఉండలు లెక్కపెట్టి తీసుకుపోయాడు. ఎలీసమ్మ కొబ్బరిపీచు కొట్టే పనిలో చేరింది. దానికి సన్నచూపు అక్కర్లేదు.

ఉగాది వెళ్ళిన వారానికి అమలాపురం నుంచి నా పేర పెద్ద కవరు వచ్చింది. లోపల పర్మనెంటు ఆర్డరు, దానితో పాటు పుస్తకం రెండో ముద్రణ. నాన్నగారే సంతకం పెట్టి పుచ్చుకున్నారు. ఆర్డరు పక్కన పెట్టి పుస్తకం తెరిచారు. కోనసీమలో గ్రహణం పాక్షికంగానే సంభవించినది, ఇట్టి గ్రహణమును ఏ దశలోనూ వట్టి కంటితో చూడరాదు, అని దిద్దేశారు. ముందుమాట చివర, మొదటి ముద్రణలోని పొరపాట్లను శ్రమకోర్చి సవరించిన కుమారి భ్రమరాంబకు కృతజ్ఞతలు, అని ఉంది.

నాన్నగారు చాలాసేపు ఆ పుట మూయలేదు.

"మీటింగులో చెప్పేరా ఆయన?"

"లేదండి."

"నువ్వు?"

నేను తల వంచుకుని అంతా చెప్పాను. హాల్లో అన్న మాట కూడా. అచ్చయమ్మత్త వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి వింది. నాన్నగారు తిట్టలేదు. ఆ తరవాత తొమ్మిదేళ్ళు బతికారు. నాతో మాట్లాడ్డం మానలేదు, నేను వడ్డిస్తే తినడం మానలేదు. గుణకారాలు సరిచూడమని మాత్రం మళ్ళీ ఒక్కసారీ పిలవలేదు. నేను ఆ ఉద్యోగం వదల్లేదు. ఎవరైనా అడక్కముందే ఆ సంగతి చెప్పేస్తున్నాను.

ఆ పూట ఆయన లేచి కండువా భుజాన వేసుకున్నారు. "పద" అన్నారు.

ఆయన ఎప్పుడూ కాలవ అవతల ఎలీసమ్మ వాళ్ళ పేటలో అడుగు పెట్టిన మనిషి కాదు. దానం ఆయన్ని చూసి కంగారుపడిపోయి, నులకమంచం వాల్చి, కూర్చోమనడానికి నోరురాక నిలబడ్డాడు. నాన్నగారు కూర్చున్నారు. ఎలీసమ్మ పీచు దులుపుకుంటూ లేచి వచ్చింది.

"అమ్మా, నేను శరభయ్యని."

"గొంతు పోల్చేనండి."

"పుస్తకంలో అచ్చుతప్పు పడిందని నీకు చెప్పేరట. పడలేదమ్మా. ఉంచేరు. ఆ తప్పు నేను గ్రహణానికి రెండు నెలల ముందే రాసి పంపేను. మా అమ్మాయి చేతికే ఇచ్చేను. దానికి తెలుసు. తెలిసే నీకు చెప్పలేదు. ఈ మాట నీకు చెప్పవలసినది అది. అది చెప్పలేదు గనక నేనొచ్చేను."

దానం నా వైపు చూశాడు. ఎలీసమ్మ కూడా చూసింది. నన్ను చూడాలంటే ఆమె ఇప్పుడు ముఖం పక్కకి తిప్పుకోవాలి. గోడ వైపు తిప్పుకుని, కంటి కొసతో నన్ను పట్టుకుంది. అలా చాలాసేపు ఉంది. కోపం వస్తుందేమోనని కాచుకున్నాను. వస్తే బాగుండుననుకున్నాను.

"బడి పిల్లలకి మటుకు కాయితం మీద చూపించేరంట కదండీ, టీచరు గారూ?" అంది.

"అవును" అన్నాను.